మసిగుడ్డ మీద నాలుగు దారాలు

"దారమే కదా, ఏదో ఒకటి వేసి కుట్టెయ్" అన్నారు మావారు, హెల్మెట్ తీసుకొచ్చి నా కుట్టు మిషను మీద పెడుతూ. నేను కిటికీ దగ్గర నిలబడి రెండు దారాలను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తున్నాను. ఒకదానికి ఒళ్లంతా నూగు. రెండోది నున్నగా ఉంది కానీ కాస్త లాగితే చాలు, చప్పుడైనా చేయకుండా తెగిపోతోంది. బొంతకు ఏది పనికొస్తుందంటారని ఆయన్ని అడగడం నాదే బుద్ధితక్కువ. ఆయన లెక్కలో ఇంట్లో వస్తువులు రెండు రకాలు, తనవీ మిగతావీ. మిషను మిగతావాటిలోది. అందుకే దాని మీద హెల్మెట్, కరెంటు బిల్లులు, అత్తయ్య కళ్లజోడు, పాత క్యాలెండరు కాపురం పెట్టాయి. నేను కుట్టడానికి కూర్చోవాలంటే వాటన్నిటినీ దించాలి, లేచేటప్పుడు మళ్లీ ఎక్కించాలి. ఆ దించడం, ఎక్కించడం కూడా కుట్టుపనిలో భాగమేనని చాలా ఏళ్లు అనుకున్నాను.

బొంతలు నాకు పిచ్చి. పాత చీరలు, చొక్కాలు, కర్టెన్లు ముక్కలుగా కోసి, రంగుకు రంగు జతచేసి, మధ్యలో పాత దుప్పటి పరిచి, కింద ఇంకో గుడ్డ వేసి, మూడింటినీ కలిపి మిషను మీద గీతలు గీతలుగా కుట్టుకుంటూ పోవడం. ఆ గీతల కోసం ఎప్పుడూ బూడిదరంగు దారమే వాడేదాన్ని. అది చవక, ఏ గుడ్డ మీద వేసినా కనిపించదు. కుట్టు కనిపించలేదంటే అదే పనితనమని మా పెద్దమ్మ నేర్పింది. నేను బాగా నేర్చుకున్నాను. ఎంత బాగా అంటే, ఇంటికొచ్చినవాళ్లు మంచం మీది బొంతను చూసి "ఎక్కడ కొన్నారండీ" అని మావారిని అడుగుతారు. "కొనడమెందుకు, ఇంట్లోనే ఊరికే అయిపోయింది" అంటారాయన. బొంత దానంతటదే గుడ్డలబీరువాలో మొలిచినట్టు. ఈ మధ్య వాళ్ల మేనేజరుగారింటికి కూడా ఒకటి ఇస్తానని మాటిచ్చి వచ్చారు. "మా ఆవిడ ఖాళీగానే ఉంటుంది సార్" అన్నారట. ఆ మాట నాకు ఆయనే సంతోషంగా చెప్పారు.

నాకు ఒళ్లు మండింది. కానీ అప్పటికే నా మనసు వేరేచోట ఉంది. పెద్దవీధిలో దుప్పట్ల షాపు నడిపే ఆవిడకు అంతకు కొన్ని నెలల ముందు నా బొంత ఒకటి చూపించాను. ఆవిడ పైకి కిందికి తిప్పి చూసి, "చూడ్డానికి అందరివీ బాగుంటాయమ్మా. నాలుగు ఉతుకులయ్యాక తీసుకురండి" అంది. ఉతికి తీసుకెళ్లేసరికి మూలల్లో కుట్టు ఊడి, మధ్యలో ముడులు తేలి, బొంత నా పరువు తీసింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. "మీ చెయ్యి మంచిది, మీ దారం మంచిది కాదు. నిలిచే దారంతో ఒకటి కుట్టి తీసుకురండి. షాపు ముందు వేలాడదీస్తాను, కుట్టింది మీరని చీటీ కూడా పెడతాను" అంది. తనదగ్గరున్న విదేశీ రీలు కూడా చూపించింది. దాని ధర వినగానే, దాన్ని తాకిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇంటిఖర్చులో మిగుల్చుకునే నా డబ్బుకు అది అందేది కాదు.

అయితే నిలిచే చవక దారం అనేది అసలు ఉంటుందా? ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది. వంట చేస్తున్నా అదే, బట్టలు ఆరేస్తున్నా అదే. మావారి చొక్కా గుండీలు ఊడకుండా ఉన్న దారమేమిటి, బియ్యం బస్తా మూతి కుట్టిన దారమేమిటి అని లాగి చూసేదాన్ని. "ఆ బస్తాతో నీకేం మాటలు?" అని అత్తయ్య ఒకసారి అడిగారు కూడా. దారాల కొట్టుకు వెళ్లి చవకవాటిలో మూడు రకాలు తెచ్చాను. పట్టులా మెరిసేది ఒకటి, పాత సరుకులో మిగిలిపోయిన తెల్లటి నూలుదారం ఒకటి, చిలకపచ్చ నూలుదారం ఒకటి. చిలకపచ్చది కొట్టతను తనే అంటగట్టాడు. "దారం మంచిదేనమ్మా. రంగే, ఎవరూ అడగట్లేదు. అందుకే చవక." ఇంట్లో ఉన్న బూడిదరంగుతో కలిపితే నాలుగు. బొంతలాగే మూడు పొరలు వేసి చిన్న చదరపు ముక్క ఒకటి తయారుచేసి, దాని మీద నాలుగు దారాలతో నాలుగు వరసలు కుట్టాను. బట్టలతోపాటు దాన్ని రోజూ ఉతికి, ఏది ముందు ఓడిపోతుందో చూద్దామని.

రెండో ఉతుక్కే ముక్క కనిపించకుండా పోయింది. దండెం మీద లేదు, బకెట్లో లేదు. మావారిని అడిగితే "ఏ ముక్క?" అన్నారు. ఏడుపొచ్చినంత పనైంది. ఇంతా చేసి నేను పోగొట్టుకున్నది ఒక గుడ్డపీలిక, దాని కోసం ఇల్లంతా వెతకమని ఎవరికి చెప్పగలను?

చాలా రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం పొయ్యి మీది గిన్నె దించబోతూ మసిగుడ్డ కోసం చెయ్యి చాపాను. చేతికి మందంగా, మూడు పొరలుగా తగిలింది. నల్లగా మాడి, నూనె పట్టి, ఒక మూల కాస్త కాలి, నా ముక్క. అత్తయ్య దాన్ని దండెం మీంచి తీసి మసిగుడ్డ చేశారు. మధ్యలో మావారు దాంతో బండి తుడిచినట్టున్నారు, గ్రీజు మరకలున్నాయి. గచ్చు కడిగే బ్లీచింగు నీళ్లలో కూడా మునిగినట్టుంది. కోపంతో అత్తయ్యను కేకేయబోయి ఆగిపోయాను. గిన్నె సంగతి మరిచి కిటికీ దగ్గరికి పరిగెత్తాను.

మెరిసే దారం వేడికి కరిగి గట్టి పూసల్లా గుడ్డకు అతుక్కుపోయింది. బూడిదరంగుది కాలిన మూల కరిగింది, మిగతాచోట్ల నూగు రేగి, మడతల దగ్గర తెగింది. తెల్లటి నూలు పుచ్చిన సరుకు కాబోలు, ఉతుకులకే పోయింది, సూది చేసిన చిల్లులు మాత్రం మిగిలాయి. చిలకపచ్చ వరస ఆ చివర నుంచి ఈ చివరకు ఉంది. రంగు కాస్త వెలిసింది కానీ పక్క గుడ్డకు అంటలేదు. గోరు పెట్టి లాగాను. రాలేదు. నేను ఎన్ని నెలలు జాగ్రత్తగా ఉతికినా పెట్టలేని పరీక్షను మా ఇల్లు నాకు తెలియకుండానే పెట్టేసింది. నాకు నవ్వొచ్చింది, పొయ్యి మీద గిన్నె మాడుతున్న వాసన కూడా వచ్చింది.

"దాన్నేం చూస్తున్నావు?" అంటూ అత్తయ్య వచ్చారు. చెప్పాను. ఆవిడ ముక్కను తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నారు. "ఆ మెరిసేది కరిగి నా వేలికి అంటుకుంది, చూడు" అని మచ్చ చూపించారు. "బూడిదది రెండో వారానికే విడిపోయింది. తెల్లది సరేసరి. ఈ పచ్చది మాత్రం మొండిది. దీన్ని పట్టుకునే గిన్నె దించేదాన్ని."

"మరి చెప్పలేదేం అత్తయ్యా?"

"నన్నెవరడిగారు?" అన్నారావిడ. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అలవాటుంది. నాకు ఆవిడ మీద ఉన్న కోపం సగం ఎటో పోయింది. ఇన్నేళ్లుగా ఒకే వంటగదిలో తిరుగుతున్నాం, ఆవిడకు కూడా ఇలా చూసే కళ్లున్నాయని నేను మాత్రం ఎప్పుడు కనుక్కున్నాను?

కొట్టుకు వెళ్లి ఉన్న చిలకపచ్చ రీళ్లన్నీ ఇమ్మన్నాను. "ఏంటమ్మా, చిలకల్ని పెంచుతున్నారా?" అన్నాడు కొట్టతను, సంతోషం పట్టలేక ఇంకాస్త తగ్గించాడు. తీరా బొంత మొదలుపెడితే ఆ మొండిదారం టపటపా తెగింది. కానీ మసిగుడ్డ మీద నిలిచింది మిషను మీద ఎందుకు తెగుతోందో తెలుసుకోవాలనిపించింది. తెగిన కొస చూస్తే చీరుకుపోయి ఉంది, కోసినట్టు లేదు. అంటే సూది కన్నం ఇరుకై రాసుకుంటోంది. లావు సూది వేశాను. పైదారాన్ని బిగించే మరను కాస్త వదులు చేశాను. కింది బాబిను గూట్లో పేరుకున్న నూగంతా పాత బ్రష్షుతో దులిపాను, బూడిదరంగుది, ఏళ్లనాటిది. తర్వాత తొందరపడకుండా మెల్లగా తొక్కాను. దారం తెగలేదు. ముక్కల మీదుగా పచ్చటి గీత సాగుతుంటే నాకు సిగ్గేసింది మొదట. వంకరపోయిన చోట వంకర కనిపిస్తోంది, చెయ్యి కుదిరిన చోట అదీ కనిపిస్తోంది. ఇంతకాలం నేను ఎలా కుడతానో నాకే తెలియదు. ఆ రోజు చూశాను, చూస్తూ కూర్చుండిపోయాను.

నాలుగు ఉతుకులూ అయిన బొంతను మంచం మీద పరిచి మడతపెడుతుంటే మావారు వచ్చారు. "మేనేజరుగారిదేనా? ఇదేంటి, కుట్లన్నీ ఇలా కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి? ఈ పచ్చది విప్పేసి మామూలు బూడిదరంగు వేసెయ్. ఆదివారం ఇస్తానన్నాను."

"బూడిదది నిలవదురా" అన్నారు గుమ్మంలోంచి అత్తయ్య. ఆయన వాళ్లమ్మను వింతగా చూశారు.

"ఇది దుప్పట్ల షాపుకు వెళ్తోంది" అన్నాను. "ముందువైపే వేలాడదీస్తారు. మేనేజరుగారికి నచ్చితే అక్కడ కొనుక్కోవచ్చు."

"కొనుక్కోవడమేంటి? నేను ఆయనకు మాటిచ్చాను."

"మీరిచ్చారు" అన్నాను. బొంతను సంచిలో పెట్టుకుని, మిషను మీద నుంచి హెల్మెట్ తీసి ఆయన చేతికిచ్చాను. బిల్లులు, క్యాలెండరు తీసి బల్ల మీద పెట్టాను. అత్తయ్య తన కళ్లజోడు తనే తీసుకున్నారు. మిషను ఖాళీ అయింది. సూదికి దారం ఎక్కించే ఉంది.

"మాట పోతుందని బెంగెందుకండీ, ఆదివారానికి ఇంకా టైముంది" అన్నాను చెప్పులేసుకుంటూ. "దారమే కదా, ఏదో ఒకటి వేసి కుట్టెయ్యండి."