ఘాటీలో పోయే రేసు

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. చచ్చిన ఏనుగుని మళ్లీ మళ్లీ లేపి నిలబెట్టేవాడి నడుం గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట అనరు. రాయగడలో తన షెడ్డు ముందు ఆ నల్లటి జర్మనీ కారు మళ్లీ వచ్చి ఆగేసరికి, మెకానిక్కు లక్ష్మణుడికి కోపం కూడా రాలేదు. కోపానికైనా ఓపిక ఉండాలి కదా. చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టి, రెండు మోకాళ్ల మీదా చేతులు వేసుకుని లేచాడు.

కారుని ఎవరూ తోసుకురాలేదు, తనంతట తనే నడుచుకుంటూ వచ్చింది. అసలు చిక్కంతా అదే. షెడ్డుకి వచ్చినప్పుడల్లా అది అత్తారింటికొచ్చిన కొత్తల్లుడంత బుద్ధిగా ఉంటుంది.

"మళ్లీ ఏటి బావా?" అన్నాడు.

కారు దిగిన అప్పలసూరి లక్ష్మణుడికి తోడబుట్టిన అప్ప నారాయణమ్మ మొగుడు. తెరుబలి ఫ్యాక్టరీలో ఏళ్లకేళ్లు లారీ తోలి, ఇప్పుడు కాంట్రాక్టరు మహేశ్వరరావు దగ్గర ఈ కారు తోలుతున్నాడు.

"అదేరా లచ్చుమా. రేసు పోతంది. ఘాటీ సగం ఎక్కేక, నాను నొక్కే ఉన్నాను, బండి ఊపిరి వదిలీసింది. ఎనకన ముసలమ్మగారు దేముడా దేముడా అని ఒకటే గోల. కాసేపాగి మళ్లీ నొక్కితే ఏటీ ఎరగనట్టు నడిచింది."

రేసంటే యాక్సిలరేటరు. వెనకటి జీపుల్లో పెడలు నుంచి ఇంజిను దాకా ఒక తీగ ఉండేది. అది తెగితే కంటికి కనబడేది, కొత్తది కడితే పని అయిపోయేది. ఈ కారులో తీగ లేదు. కాలు నొక్కిన సంగతి పెడలు కంప్యూటరుకి చెబుతుంది, కంప్యూటరు ఇంజినులోకి గాలి వెళ్లే తలుపుని మోటారుతో తెరుస్తుంది. ఈ చెప్పుకోవడాల్లో ఎవరు ఎవరికి అబద్ధం చెబుతున్నారో తేల్చడానికి లక్ష్మణుడికి తల ప్రాణం తోకకొస్తోంది. భువనేశ్వర్‌లో ఎవరో పెద్దమనిషి వాడి వదిలేసిన బండి. మూడో చేతికి వచ్చాక మహేశ్వరరావుకి హోదా, లక్ష్మణుడికి గోల.

మొదటిసారి నిజంగానే జబ్బు ఉంది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. గాలి తలుపు నిండా మసి పట్టి ఉంటే, విశాఖపట్నం నుంచి వేరేది తెప్పించి వేశాడు. రెండోసారి ఇంజిను పక్కన వైరు ఎలక కొరికింది. కొండని తవ్వి ఎలకని పట్టాను బావా అని ఆ రోజు నవ్వుకున్నారు కూడా. ఆ తర్వాత దీపం వెలగడం మానేసింది. బండి కంప్యూటరుకి స్కానరు పెడితే తప్పేమీ లేదంటుంది. కాలికి వేస్తే మెడకి, మెడకి వేస్తే కాలికి అన్నట్టు, ఇది కాదంటే అది, అది కాదంటే ఇది అంటూ అన్నీ వెతికాడు. అన్నీ బాగానే ఉన్నాయి. ఘాటీలో రేసు మాత్రం పోతూనే ఉంది.

పొద్దున్నే మహేశ్వరరావు ఫోను చేశాడు. "లక్ష్మణా, ఇదే ఆఖరు. వారం వారం మా అమ్మని కొరాపుట్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంకోసారి ఘాటీలో ఆగిందంటే బండి అమ్మీస్తాను. బండి లేనప్పుడు డ్రైవరెందుకు, నువ్వే సెప్పు."

అరవై దగ్గర పడుతున్న మనిషికి మళ్లీ స్టీరింగు ఎవరిస్తారు? అప్ప ఇల్లు నడిచేది ఆ జీతం మీదే. అందుకని లక్ష్మణుడు ఆ రోజు బండిలో తప్పు దొరకాలని మొక్కుకున్నాడు. ఎంత పెద్ద తప్పయినా సరే, దొరికితే చాలు.

టెస్టుకి తీసుకెళ్లినప్పుడు స్టీరింగు ఇంకొకరి చేతికివ్వడం లక్ష్మణుడికి అలవాటు లేదు. ఇన్నిసార్లూ తనే తోలాడు, ఇన్నిసార్లూ బండి గుర్రంలా ఘాటీ ఎక్కేసింది. ఈసారి మోకాళ్లు సలుపుతుంటే విసిగిపోయి, "నువ్వే తోలు బావా, నాను పక్కన కూకుంటాను" అన్నాడు.

అప్పలసూరి ఎప్పటిలాగే చెప్పులు విప్పి, సంచిలో పెట్టి, డిక్కీలో దాచాడు. ఇలాంటి బండిలో చెప్పులతో కాలు పెడితే కళ్లు పోతాయని అతని నమ్మకం.

"రెండూ ఉన్నాయేటి బావా?" అన్నాడు లక్ష్మణుడు.

అప్పలసూరి నవ్వేశాడు. మొన్నామధ్య సంతకి వెళ్లి ఒక్క చెప్పుతో ఇంటికొచ్చాడు. రెండోది ఎక్కడ జారిపోయిందో తెలీదు. నారాయణమ్మ ఆ సంగతి వీధంతా చాటింపు వేసింది. "మీ అప్పది నోరు కాదురా, మైకు. సంతలో జనం తొక్కీసేరు, అంతే" అని కారెక్కాడు.

ఊరు దాటి, కొండల మీదుగా ఘాటీ ఎక్కే లక్ష్మీపూర్ దారి పట్టారు. లక్ష్మణుడు స్కానరు ఒళ్లో పెట్టుకుని, పెడలు సంగతి చెప్పే రెండు గీతలు తెర మీదకి తెచ్చాడు. పెడలు లోపల రెండు సెన్సార్లు ఉంటాయి, ఒక తగువుకి ఇద్దరు సాక్షుల్లాగ. ఒకటి చెడిపోతే రెండోది చెప్పేదానికి పొంతన కుదరదు. గీతలు విడిపోతే పెడలు దొంగ. విడిపోండర్రా, మీకు పుణ్యముంటుంది, అనుకున్నాడు.

ఎండ ఫెళ్లుమంటోంది. ముందు ఒక లారీ మూలుగుతూ ఎక్కుతోంది. దాన్ని దాటి మలుపు తిరిగారో లేదో, ఇంజిను గొంతు టక్కున తగ్గిపోయింది.

"అదిగో! పోయింది! సూసేవా?" అని అరిచాడు అప్పలసూరి. "నొక్కే ఉన్నాను, సూడు!"

కళ్లెదుట దొరికింది కదా అని లక్ష్మణుడి ప్రాణం లేచొచ్చింది. తెర వైపు చూశాడు. రెండు గీతలూ కలిసి దిగి, కలిసి అడుగున పడుకున్నాయి. ఎక్కడా విడిపోలేదు. ఇద్దరు సాక్షులూ ఒకే మాట చెబుతున్నారు. పెడలు మీద కాలు లేదు.

"కాలు తీసేవేటి బావా?"

"తియ్యలేదురా! పిల్లల మీద ఒట్టు. నా బలమంతా పెట్టి నొక్కుతన్నాను!"

అది అబద్ధం చెప్పే గొంతు కాదు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, తొడ బిగుసుకుని వణుకుతోంది. లక్ష్మణుడు వంగి కిందకి చూశాడు.

పెడలు ఖాళీగా ఉంది. దాని పక్కన, కార్పెట్టు మీద, అప్పలసూరి కుడికాలు వేళ్లు తెల్లబడేలా నేలని నొక్కుతోంది.

బండి వెనక్కి జారబోయింది. లక్ష్మణుడు హ్యాండ్‌బ్రేకు బలంగా లాగాడు. వెనక లారీ హారను కొట్టి, పక్కనుంచి దాటిపోయింది.

పెడలు పాడైంది బావా, మార్చీసి చూద్దాం అనేయొచ్చు. ఆ మాట లక్ష్మణుడి నాలిక చివరిదాకా వచ్చింది. అప్ప మొహం గుర్తొచ్చింది. వెనక సీటులో దేముడా అనే ముసలమ్మ కూడా గుర్తొచ్చింది. ఒంటి చెప్పు చూసి అందరూ పడీ పడీ నవ్విన రోజు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ రోజు ఒక్కరైనా ఆ కాలు ముట్టి చూడలేదు.

"బావా, కిందకి సూడు" అన్నాడు.

అప్పలసూరి చూశాడు. ఆ కాలు ఎవరిదో అన్నట్టు చాలాసేపు చూశాడు. తర్వాత చేత్తో పట్టుకుని, ఎత్తి, పెడలు మీద పెట్టుకున్నాడు. మళ్లీ తీసేశాడు.

"నీకు సుగరుంది కదా బావా, దాని వల్లే అయ్యుంటది. అరికాలికి తెలుస్తందా నీకు?"

"మొద్దుగా ఉంటంది. పెద్దోణ్ణయిపోతన్నాను, అదేలే అనుకున్నాను." అతని చూపు పక్క పెడలు మీద పడింది. "లచ్చుమా, మరి బ్రేకు? బ్రేకు కూడా ఈ కాలుతోనే కదేటిరా?"

ఏడుపు వస్తుంటే లక్ష్మణుడు స్కానరు వైరు చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"అయ్యగారికి ఫోను సెయ్యి" అన్నాడు అప్పలసూరి చివరికి. "బండిలో తప్పేటీ నేదని సెప్పీ. పాపం, ఇన్నాళ్లూ దీన్ని ఆడిపోసుకున్నాను." స్టీరింగుని ఒకసారి అరచేత్తో నిమిరి, తలుపు తెరిచాడు.

లక్ష్మణుడు దిగి, డిక్కీలోంచి సంచి తెచ్చి, రెండు చెప్పులూ బావ కాళ్ల దగ్గర రోడ్డు మీద పెట్టాడు. తారు కాలిపోతోంది. అప్పలసూరి తలుపు పట్టుకుని నిలబడి, ఎడమకాలు దూర్చుకున్నాడు. కుడికాలు రెండో చెప్పు మీదకి చాపి అటూ ఇటూ కదిపాడు. కిందకి చూడటానికి మనసు రాలేదేమో, లోయ వైపే చూస్తూ మెల్లిగా అడిగాడు.

"ఎక్కిందేటిరా?"