గంట పరుగు

తాడు ఒక కొసను మేకుకు కట్టి, రెండో కొసను లాగి పట్టుకుని వీరప్ప వెనక్కి నడుస్తున్నాడు. ఇరవై మీటర్ల దగ్గర తాడుకు ఎర్ర గుడ్డ పీలిక కట్టి ఉంది. అది కాలి బొటనవేలి మీదికి రాగానే ఆగి, డబ్బాలోని సున్నం గుప్పిట్లోకి తీసుకుని గీత పోశాడు. ముప్పై ఏళ్లుగా పోస్తున్న గీత. కుడిచేతి వేళ్ల సందుల్లో చర్మం పగిలి, రొట్టె తుంచేటప్పుడు మండుతుంది. సన్నగా, పొడుగ్గా, నడుము దగ్గర కొద్దిగా వంగిన మనిషి. నుదుట మూడు విభూతి రేఖలు. అవి కూడా తాడు పట్టి గీసినట్టే ఉంటాయని భార్య బసమ్మ ఎగతాళి చేస్తుంది.

గీతలు అయిపోయాయి. ఇదివరకైతే అసలు పని అప్పుడు మొదలయ్యేది.

జహీరాబాద్‌లోని ఆ హైస్కూల్లో వీరప్ప చప్రాసీ. వేపచెట్టు కొమ్మకు వేలాడే రైలు పట్టా ముక్కను ఇనుప కడ్డీతో కొట్టి బడి గంటలు మోగిస్తాడు. డ్రిల్లు సారుగా అమర్నాథ్ ఉన్నన్నాళ్లూ దానికి ఇంకో పని తోడైంది. పిల్లల దమ్ము ఎంతో చూడటానికి ఆయన గంట పరుగు పెట్టేవారు. గంట కొట్టగానే ఈ గీత నుంచి బయల్దేరాలి, మళ్లీ కొట్టేలోగా ఆ గీత తొక్కి వెనక్కి తిరగాలి. నిమిషానికోసారి గంట జోరు పెరుగుతుంది. వెనకబడినవాళ్లు కూర్చోవాలి. మొదట్లో సారు గడియారం చూసి చెయ్యి ఊపితే వీరప్ప కొట్టేవాడు. నాలుగైదేళ్లకు సారు చెయ్యి ఊపడం మానేశారు. తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు ముందు ఒకసారి, "మా వీరప్ప చెయ్యి తప్పదు" అన్నారు కూడా. ఆ మాట వీరప్ప ఇంటికెళ్లి బసమ్మకు చెప్పాడు. మరునాడు మళ్లీ చెప్పాడు. పదిహేనేళ్ల తర్వాత కూడా చెబుతూనే ఉన్నాడు, పాపం ఆవిడ వింటూనే ఉంది.

అమర్నాథ్ సారు రిటైరయ్యారు. ఎనభై ఏడు జూన్‌లో జగన్‌మోహన్ సారు వచ్చాడు, చంకలో నల్లటి టేప్ రికార్డర్‌తో. శిక్షణలో ఇచ్చిన క్యాసెట్ ఒకటి అందులో వేస్తే కుయ్ కుయ్‌మని అదే కూస్తుంది, అదే జోరు పెంచుతుంది. పిల్లలు దాని చుట్టూ మూగారు. "ఇక నీకు విశ్రాంతి వీరప్పా" అన్నాడు కొత్త సారు, మంచి మాటే అనుకుని.

వీరప్పకు ఒళ్లు మండిపోయింది. టేపును బల్ల మీది నుంచి తెమ్మంటే చెవిటివాడైపోయేవాడు. ఇంట్లో రొట్టె ముందు కూర్చుని దాన్ని తిట్టేవాడు.

"సవతి పోరు ఆడోళ్లకే ఉంటదనుకున్న" అని నవ్వింది బసమ్మ. "ముసలితనంల నీకు గూడ వచ్చెనా?"

నవ్వితే ఏం, నిజం అదే. నెల రోజుల పాటు ప్రతి పరుగుకూ వేపచెట్టు కింద నిలబడి ఆ కూతలు విన్నాడు. ఎక్కడైనా తడబడుతుందేమో, ఒక్కటైనా ముందూ వెనకా అవుతుందేమోనని తొడ మీద చేత్తో తట్టుకుంటూ కాచుకున్నాడు. అది తప్పలేదు. తప్పనందుకు మరింత కుళ్లుకున్నాడు. అలా కుళ్లుకుని కుళ్లుకుని క్యాసెట్ మొత్తం అతనికి కంఠస్థమైపోయింది, ఆ సంగతి అతనికే తెలియదు.

ఇవాళ పరుగు ఉత్తది కాదు. డెబ్బైసార్లు గీత తొక్కినవాళ్ల పేర్లు హైదరాబాదులోని క్రీడల హాస్టల్‌కు పోతాయి. బడి అంతా తొమ్మిదో తరగతి తారాబాయిని చూస్తోంది. తల్లి అల్లం తోటల్లో కూలికి పోతుంది. పిల్ల ఉత్తకాళ్లతో, లంగా బొడ్లో దోపుకుని గీత మీద నిలబడింది.

సారు మీట నొక్కాడు. వీరప్ప చెయ్యి తొడ మీద పడింది. కూత ఆ తర్వాత వచ్చింది.

చెయ్యే తొందరపడిందనుకున్నాడు. మళ్లీ చూశాడు. మళ్లీ అంతే. కూత గొంతు కూడా బొంగురుగా ఉంది. నిన్న సాయంత్రం సారు గది ముందు నుంచి పోతుంటే అదే టేపులో సినిమా పాటలు వినబడ్డాయి, మొన్నా వినబడ్డాయి. సెల్లులు దిగిపోయాయి. టేపు కుంటుతోంది.

తప్పింది! దొంగముండ టేపు తప్పింది! వీరప్ప గుండెలో పెళ్లి బాజా మోగింది. వెంటనే చెప్పేవాడే. కానీ చెబితే ఏమవుతుంది? సారు కొత్త సెల్లులు వేస్తాడు, అంతే. చెప్పకపోతే తప్పుడు లెక్క హైదరాబాదు పోతుంది, అక్కడ బయటపడుతుంది, సారు పరువు గంగలో కలుస్తుంది. వీరప్ప పెదవులు బిగించుకుని చెట్టుకు ఆనుకున్నాడు. ముప్పై ఏళ్లలో అంత సుఖంగా ఎప్పుడూ నిలబడలేదు.

తారాబాయి డెబ్బై ఎనిమిదిసార్లు తొక్కింది. హెడ్మాస్టరు వచ్చి సారు చెయ్యి పట్టుకుని ఊపాడు. కాగితం ఆ పూటే పోస్టుకు పోయింది.

మధ్యాహ్నం కుళాయి దగ్గర తారాబాయి మొహం కడుక్కుంటూ వీరప్పను చూసి నవ్వింది.

"తాతా, ఆడ రెండు పూటలా అన్నం పెడ్తరంట. బూట్లు గూడ ఇస్తరంట."

"మంచిదే బిడ్డా."

"పోంగనే ఇంకోపారి ఉరికిస్తరంట. డెబ్బై కాకుంటే అదే బస్సుల వాపసంట. నాకేం ఫికర్ లేదు, డెబ్బై ఎనిమిది ఉరికిన గద!"

వీరప్ప చేతిలోని చెంబు అక్కడే పెట్టేశాడు. పొద్దుటి నుంచీ అతని లెక్కలో సారు ఉన్నాడు, టేపు ఉంది, తను ఉన్నాడు. ఈ పిల్ల లేదు. 

నేరుగా సారు దగ్గరికి పోయాడు. "సార్, జర ఆ టేపు చూడున్రి. పొద్దుగాల మెల్లగ నడిచింది."

జగన్‌మోహన్ సారు తల పైకెత్తాడు. "వచ్చిన కాడికెల్లి చూస్తున్న వీరప్పా. దాన్ని చూస్తే నీ కండ్లల్ల నిప్పులే. మిషన్‌తోని కుళ్లేంది? పోయి గంట కొట్టు."

సారు అన్నదాంట్లో అబద్ధం లేదు మరి. పోయి గంట కొట్టాడు.

సాయంత్రం బడి వదిలాక తారాబాయిని ఆపాడు. సంగతి చెప్పాడు. పిల్ల మొహం ఎర్రబడింది.

"నీకు మా సారంటే గిట్టదు. గందుకే గిట్లంటున్నవ్."

"గిట్టదు. నిజమే. అయినా ఒక్కపారి ఉరుకు."

కడ్డీ చేతిలోకి తీసుకున్నాడు. కొట్టింది అమర్నాథ్ సారు నేర్పిన గంట కాదు. నెల రోజులు పళ్లు కొరుక్కుంటూ విన్న ఆ సవతి కూతనే, మొదటి నుంచి, ఒక్కొక్కటీ కొట్టాడు. తారాబాయి అరవై నాలుగు దగ్గర మోకాళ్ల మీద కూలబడింది. కాసేపు ఎగశ్వాస. ఆ తర్వాత ఏడుపు.

"పొద్దుగాల్నే ఎందుకు చెప్పలే తాతా?"

ఏదో ఒక సాకు చెప్పొచ్చు. చెప్పలేదు. "కుళ్లు బిడ్డా. సారు పరువు పోవాలనుకున్న. నీ సంగతి యాదికి రాలే."

వీరప్ప ఎండకు వేడెక్కిన పట్టా ముక్కను అరచేత్తో ఆపాడు. "హైదరాబాద్ పోను ఇంక ఇరవై రోజులున్నయి. రేపు గూడ రా."

వచ్చింది. ఇరవై రోజులూ వచ్చింది. కోపం పోవడానికి నాలుగు రోజులు పట్టింది. బజారు వాళ్లు గంట విని బడి రెండోసారి వదిలారా అని నవ్వుకునేవారు. జగన్‌మోహన్ సారు విననట్టు పోయేవాడు. పిల్ల సోమవారం పొద్దున తల్లితో బస్సెక్కింది.

ఆ గురువారం మధ్యాహ్నం తిండి విరామం ఎంతకీ అయిపోలేదు. పిల్లలు సంతోషించారు. ఆటల్లో పడి గంట సంగతి ఎవరికీ పట్టలేదు. చివరికి హెడ్మాస్టరు బయటికొచ్చి చూస్తే వీరప్ప వేపచెట్టుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని రెండుసార్లు కేకేశాడు.

శనివారం ఒక కార్డు వచ్చింది. "వీరప్ప తాత, గంట దగ్గర, హైస్కూల్, జహీరాబాద్" అని చిరునామా. తీసుకునే మనిషి లేడు కాబట్టి జగన్‌మోహన్ సారు తీసుకున్నాడు. రెండే ముక్కలు. "తాతా, డెబ్బై మూడు. ఇక్కడి టేపు అచ్చం నీ లెక్కనే కొడుతది."

సారు బజారుకు పోయి కొత్త సెల్లులు తెచ్చాడు. ఖాళీ గ్రౌండ్లో టేపు పెట్టి, చేతి గడియారం ముందు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. ఆ తర్వాత కార్డును బసమ్మకు ఇవ్వాలని జేబులో పెట్టుకుని వేపచెట్టు దగ్గరికి నడిచాడు.

కొమ్మ చీలికలో కడ్డీ వీరప్ప పెట్టిన చోటే ఉంది. పిడికి చుట్టిన గుడ్డ మీద నాలుగు వేళ్ల సున్నం అచ్చు ఇంకా చెరగలేదు.