సముద్రం వైపు వరస

శనివారం పొద్దున భార్య వాలేసి చర్చి ఊడ్చే వంతు ఉందని వెళ్ళగానే అపిసాయి కంప్యూటర్ ముందు చేరాడు. ఆమె తిరిగొచ్చేలోగా దాన్ని ఇంకాస్త పరిగెత్తించాలని అతని ఆశ. మెమరీ వేగాన్ని మరో మెట్టు పైకి జరిపి, మీట నొక్కి, చేతులు కట్టుకుని చూశాడు. లోపల ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది.

ఆపి మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే చీకటి.

అపిసాయి సువా రేవులో క్రేన్ నడుపుతాడు. కంప్యూటర్లంటే పిచ్చి. ఆటల కోసమని ఈ పెట్టెను ఒక్కో భాగం తెప్పించుకుని తనే బిగించుకున్నాడు. ఏడాదిగా మాత్రం అది పూర్తిగా భార్య చేతిలోకి పోయింది. వాలేసి పుట్టిన ఊరు వైతోకాలోకి సముద్రం వచ్చేస్తోంది. పోటు వచ్చినప్పుడల్లా వంటగదుల్లోకి నీళ్ళు. ఊరంతా కొండ మీదికి మారాలని పెద్దలు తీర్మానించారు. ఒక్కో వరస ఇళ్ళు ఊడదీసి, రేకులూ చెక్కలూ పైకి మోసుకెళ్ళి మళ్ళీ కట్టుకుంటున్నారు. ఊడదీసేలోపు వాలేసి ఓడెక్కి వెళ్ళి ప్రతి ఇంటికీ నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకొచ్చేది. వాటన్నిటినీ అతికించి, తెర మీద పాత ఊళ్ళో నడుచుకుంటూ తిరిగేలా చేస్తోంది. చర్చి మెట్ల దగ్గర మొదలుపెట్టి బాట వెంట కిందికి దిగుతూ, ఎవరి గుమ్మం ముందు కావాలంటే వాళ్ళ గుమ్మం ముందు ఆగొచ్చు. కొత్త ఊరి ప్రారంభం నాడు అందరికీ చూపిస్తానని మాటిచ్చింది.

ఒక్క ఇల్లు అతకడానికి కంప్యూటర్ రోజంతా తీసుకునేది. వాలేసికి అదేం పట్టేది కాదు. దాన్ని దాని మానాన వదిలేసి దుంపలు ఉడకబెట్టుకునేది, చాప అల్లుకునేది. ఉడికిపోయేది అపిసాయే.

"నేను బిగించిన పెట్టె ఇంత మందకొడిగా నడుస్తుంటే నాకు తలవంపులు కాదూ?" అనేవాడు.

"నీ క్రేన్ కూడా నత్తలాగే కదులుతుంది. దాన్నెప్పుడన్నా తిట్టావా? దాని పని అది చేసుకుంటోంది, నా పని నేను చేసుకుంటున్నాను. నువ్వు దాని జోలికి పోకు, అపీ."

అతను దాని జోలికి పోనే పోయాడు. ఆమెకు చెప్పకుండా, కంపెనీవాళ్ళు పెట్టిన హద్దు దాటించి మెమరీని పరిగెత్తించాడు. కుర్రాళ్ళు ఓవర్‌క్లాక్ అంటారు దాన్ని. వాలేసి అన్న సాకియూసా ఓ బడిలో కంప్యూటర్లు చూసుకుంటాడు. సలహా అడిగితే అతను ఒకటే మాట చెప్పాడు: "పెంచితే పెంచావు గానీ బావా, ఒక పగలూ రాత్రీ మెమరీ పరీక్ష పెట్టు. ఆట ఆగకుండా ఆడిందని సరేననుకోకు." అపిసాయి పరీక్ష మొదలుపెట్టాడు కూడా. అంతలో వాలేసి కంప్యూటర్ కావాలంది. మధ్యలో ఆపేశాడు. ఆ తర్వాత మళ్ళీ పెట్టలేదు. అప్పుడప్పుడూ తెర బిగుసుకుపోతే కరెంటు మీదికి నెట్టేశాడు. "ఈమధ్య త్వరగా అవుతోందే," అని వాలేసి అన్నరోజున లోపల్లోపల పొంగిపోయాడు.

ఇప్పుడు ఎన్నిసార్లు మీట నొక్కినా తెర వెలగడం లేదు. సాకియూసాకు ఫోన్ చేశాడు.

అతను చెప్పులు గుమ్మంలో విడుస్తూనే మొదలెట్టాడు. "ఏం బావా, దీన్ని కూడా క్రేన్‌తో ఎత్తి కింద పడేశావా?"

"ముందు చూడు బావా, తర్వాత ఏడిపిద్దువుగాని. వాలేసి వచ్చేస్తుంది."

"మా చెల్లెలంటే ఆమాత్రం భయం ఉందన్నమాట. మంచిది."

పక్క రేకు విప్పారు. బోర్డు మీద మెమరీ పక్కన చిన్న దీపం ఒకటి ఎర్రగా వెలుగుతోంది. "అదుగో, అక్కడే ఆగిపోయింది. నువ్వు పెట్టిన వేగం దానివల్ల కావడం లేదు. పెట్టిన సంగతి అది మర్చిపోవాలి," అన్నాడు సాకియూసా. తీగ పీకించాడు. లోపల మిగిలిన కరెంటు పోవడానికి మీటను నొక్కి పట్టించాడు. స్క్రూడ్రైవర్ కొసతో బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ పైకి లేపి తీశాడు. ఇద్దరూ టీ తాగారు. బ్యాటరీ మళ్ళీ పెట్టి, రెండు మెమరీ పలకల్లో ఒకదాన్ని ఊడదీసి పక్కన పెట్టి, మీట వేశారు.

నలుపు. అపిసాయి చెయ్యి మళ్ళీ మీట మీదికి పోయింది. సాకియూసా అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ముట్టుకోకు. మెమరీని మళ్ళీ మొదట్నించీ సరిచూసుకుంటోంది. దానికి కాస్త టైం పడుతుంది. ఊరికే కూర్చోవడం నీకు చేతకాదా?"

కూర్చున్నారు. బయట ఎవరో పిల్లిని అదిలిస్తున్నారు. చూస్తూ చూస్తూ ఉండగా తెర తెల్లగా వెలిగింది. అపిసాయి ఒక్క కేక పెట్టి బావమరిదిని వాటేసుకున్నాడు. రెండో పలక కూడా పెట్టి, వేగాన్ని కంపెనీవాళ్ళు పెట్టినచోటే ఉంచి రేకు బిగిస్తుండగా వాలేసి రొట్టెల సంచితో లోపలికి వచ్చింది.

"ఏమైంది దానికి?"

"ఏం లేదు. దుమ్ము దులిపాం," అన్నాడు అపిసాయి.

ఆమె నవ్వి, కుర్చీ లాక్కుని ఫోటోలు తెరిచింది. చర్చి వచ్చింది. పై వరస ఇళ్ళు వచ్చాయి. తర్వాత ఓ ఇల్లు సగం దాకా వచ్చి, కింద సగం బూడిదరంగు పలకలా నిలిచిపోయింది. ఇంకోదాని మీద ఆకుపచ్చ చారలు. ఆ తర్వాతది తెరుచుకోనే లేదు.

"అపీ, ఇదేంటి?"

సాకియూసా వంగి చూశాడు. ఒక్కో ఫోటో తేదీ చూసుకుంటూ పోయాడు. విడిగా దాచిన డిస్కు తెమ్మని అపిసాయికి సైగ చేశాడు. అందులోనూ అవే చారలు, అదే బూడిద. కంప్యూటర్‌లోంచి తీసి దాచినవే కదా. ఇక లేచి వసారాలోకి నడిచాడు. అపిసాయి వెంట వెళ్ళాడు.

"ఎప్పుడు పెంచావు?"

"ఈస్టర్ ముందు."

"ఆమె కెమెరాలోంచి ఫోటోలు ఎక్కించినప్పుడల్లా మెమరీ తప్పులు రాస్తూ వచ్చింది. ఇవాళ పూర్తిగా చతికిలబడింది గాబట్టి తెలిసింది. లేకపోతే ఇంకా రాస్తూనే ఉండేది."

"కెమెరా కార్డులో ఉంటాయిగా?"

"కార్డు తుడిచి మళ్ళీ వాడుకుంటుంది. నీకు తెలీదా?" సాకియూసా గోడకేసి తిరిగాడు. అతని గొంతులో ఆటపట్టింపు లేదు. "నేను దానితో చెప్పలేను. అన్నాచెల్లెళ్ళం, మా ఆచారం ప్రకారం ఇలాంటివి మేం ముఖాముఖి మాట్లాడుకోం. అదలా ఉంచు. ఇది నువ్వే చెప్పాలి."

అపిసాయి లోపలికి వెళ్ళి చెప్పాడు. దుమ్ము కాదన్నాడు. ఆటల కోసం కాదు, నీకోసమే చేశానన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక అనకపోతే బాగుండుననిపించింది.

వాలేసి తెర వైపు నుంచి కళ్ళు తిప్పలేదు. "ఈస్టర్ తర్వాత తీసినవంటే సముద్రం వైపు వరసంతా."

"మళ్ళీ తీద్దాం. ఈ వారమే ఓడెక్కుదాం, నేను సెలవు పెడతాను..."

"ఏం తీస్తావు? ఆ వరస పోయిన నెలే ఊడదీశారు."

అతను ఇంకో కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"నన్ను ఒక్క మాట అడగాల్సింది," అంది.

"అడిగితే వద్దనేదానివి."

"అవును. వద్దనేదాన్ని."

ఆ తర్వాత చాలా రోజులు డ్యూటీ దిగగానే అపిసాయి ఆ ఫోటోల ముందే కూర్చున్నాడు. ఒకదాంట్లో ఓ కిటికీ, ఒకదాంట్లో ఆరేసిన గుడ్డ అంచు దక్కాయి. అతకడానికి అవి చాలవు. సాకియూసా వచ్చేవాడు, సాయం చేసేవాడు, టీ తాగి వెళ్ళిపోయేవాడు. క్రేన్ మీద ఒక్క పరాచికమూ ఆడేవాడు కాదు. తిట్టినా బాగుండుననిపించేది అపిసాయికి. ఊడదీసిన ఆ వరసలో సాకియూసా పెరిగిన ఇల్లు కూడా ఉంది.

ప్రారంభానికి వైతోకా వెళ్ళినప్పుడు అపిసాయి ముందుగా మన్నింపు కోరేటప్పుడు పెద్దలకు సమర్పించే యాంగోనా వేళ్ళ కట్ట తీసుకుని పెద్దల చాప ముందు తల వంచి కూర్చున్నాడు. చేసిన తప్పు ఒప్పుకుని, మన్నించమని అడిగాడు. పెద్దాయన కట్టను తాకి, అరచేతులు దొప్పలా పట్టి చరిచాడు. తక్కినవాళ్ళూ చరిచారు.

"లే అల్లుడూ. సముద్రం పట్టుకుపోయినదానికి నువ్వేం చేస్తావు?" అన్నాడాయన.

మన్నించారు. కానీ ఆ మాట అపిసాయి గుండెలో ముల్లులా దిగింది. ఇళ్ళ దాకా వచ్చింది సముద్రమే. ఇళ్ళ బొమ్మలను మాత్రం అది ముట్టుకోలేదు.

మధ్యాహ్నం కొత్త హాలు కిటికీలకు చాపలు కట్టి, గోడకు తెరలా దుప్పటి వేలాడదీశారు. అపిసాయి బయట జనరేటర్ దగ్గర నిలబడి తలుపు సందులోంచి చూస్తున్నాడు. చర్చి మెట్లు కనిపించగానే జనం గోల చేశారు. ఎవరో తమ కుక్కను గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచారు. పై వరసలో ఒక్కో గుమ్మం ముందూ ఆగుతూ, నవ్వుతూ, చచ్చిపోయినవాళ్ళను తలుచుకుని కళ్ళు తుడుచుకుంటూ బాట వెంట కిందికి దిగారు. పనసచెట్టు దాటగానే దుప్పటంతా బూడిదరంగయింది. వాలేసి ఆపేసింది.

ముందు చాప మీద కూర్చున్న లితియా అవ్వ, అందరూ బూబూ అని పిలిచే ఆమె, మెడ ముందుకు సాచింది. ఆమెకు చూపు అంతంతమాత్రం.

"ఆపావేమే? పోనీ, పోనీ. ఇంకో నాలుగడుగులేస్తే మా గుమ్మమే."

"ఇంతే, బూబూ. ఇక్కడి వరకే," అంది వాలేసి.

"అయ్యో, సరిగ్గా చూడు. అక్కడే, మెట్టు పగిలి ఉంటుంది. మీ తాత కొబ్బరికాయ కొట్టి పగలగొట్టాడు."

వాలేసి ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఏం చెప్పిందో జనరేటర్ హోరులో అపిసాయికి వినిపించలేదు. అవ్వ మాత్రం ఇంకా దుప్పటి వైపే వేలు చూపిస్తోంది.