బాగున్నానన్న మాట

వ్యాను బోల్తాపడ్డప్పుడు యులాలియా అక్క నాకు అడ్డం పడింది. అందుకే నేను బతికాను, ఆమె తుంటి విరిగింది. టైర్లు నున్నగా అరిగిపోయాయని వారం ముందే చెప్పాం. స్ట్రాబెర్రీ తోటలకు మమ్మల్ని తోలే కాంట్రాక్టర్ రొసెందో వింటేగా.

మూడోరోజు ఆసుపత్రికి రొసెందో వ్యాను ఇన్సూరెన్స్ మనిషి తీపి రొట్టెల డబ్బా పట్టుకొచ్చాడు. ఫోన్ మంచం మీద పెట్టి, "రికార్డు చేస్తా, పర్లేదుగా? ఎలా ఉన్నారమ్మా?" అన్నాడు.

"దేవుడి దయవల్ల బాగున్నానయ్యా," అంది అక్క.

ప్రాణం పోతున్నా మా వాళ్లు అదే అంటారు. అది పెద్దలు నేర్పిన మర్యాద.

పదిరోజులకు ఇన్సూరెన్స్ వాళ్ల ఉత్తరం వచ్చింది. బాగున్నానని మీరే చెప్పారు కాబట్టి తుంటికి చేయాల్సిన రెండో ఆపరేషన్‌కు డబ్బివ్వం అని. అది జరక్కపోతే అక్క ఇక వంగి పండు కోయలేదు.

ఆదివారం అందరం బట్టలుతికే దుకాణంలో కలిశాం. మిషన్ల హోరులో మా మాట బయటికి పోదు.

"పాపం, రొసెందోకీ పిల్లలున్నారు. వాడి జేబు కొడదామా?" అన్నాడొకడు.

"వాడి జేబేంట్రా?" కసిరాడు ఫిదెన్సియో మామ. వెనకెప్పుడో వేరే తోటలో రెండు వేళ్లు పోగొట్టుకుని కోర్టు మెట్లెక్కినవాడు. "చట్టం వాడి మెడలు వంచి కట్టించిన ఇన్సూరెన్స్ అది. వాడి తప్పుకు దెబ్బ తిన్నవాళ్ల కోసమే. దానం కాదు. ఎగ్గొట్టాలంటే ఇన్సూరెన్స్ వాళ్లకు మన మాట కావాలి, మన సంతకం కావాలి."

"మరి లాయర్ని పెట్టుకుందామా?"

"వాడూ వచ్చినదాంట్లో మూడోవంతు పట్టుకుపోతాడు. వాణ్నీ ఓ కంట కనిపెట్టండి. కానీ వాడు చదివి చెప్పేదాకా ఏ కాగితం మీదా వేలు పెట్టకండి."

సోమవారం పొద్దున్నే తోట గేటు దగ్గర అదే ఇన్సూరెన్స్ మనిషి, పక్కన రొసెందో. అక్క కాక వ్యానులో ఉన్న మా పదకొండుమందికీ తలా ఒక చెక్కు, ఒక కాగితం. తప్పు ఎవరిదీ కాదు, ఇక ఎన్నటికీ ఏమీ అడగం అని రాసుంది.

ఇన్సూరెన్స్ ఆయన రికార్డు చేయడానికి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. "అందరూ ఎలా ఉన్నారు?"

పాత మర్యాద నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"బాగాలేను," అన్నాను. "మెడ తిరగట్లేదు. టైర్లు అరిగాయని ఇతనికి వారం ముందే చెప్పాం."

"బాగాలేను," అన్నాడు మామ. "నడుము పట్టేసింది. టైర్ల సంగతి నేనూ చెప్పా."

"రేపట్నుంచి మీకు వ్యాన్ లేదు. నడిచి చావండి," అన్నాడు రొసెందో.

"బాగాలేను," అంది వెనక నుంచి ఇంకో గొంతు. తర్వాత ఇంకోటి. ఏడోమనిషి చెప్పేసరికి ఇన్సూరెన్స్ ఆయన వేలు ఫోన్ ఆపబోయింది.

"ఉంచండి సార్," అన్నాడు మామ. "ఇంకా నలుగురున్నారు."