మాత్ర వేసుకోని రోజు

కాలర్లక్కకి పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తి ఏదైనా ఉందంటే అది మర్యాదే. నలుగురిలోకి వెళ్ళేముందు తల దువ్వుకోవాలి, ఇస్త్రీ బట్టలు వేసుకోవాలి, పరాయివాళ్ళ ముందు మూలగకూడదు. ఇవన్నీ తల్లి చిన్నప్పుడే నూరిపోసింది. ఆ మర్యాదే తన కొంప ముంచుతోందని పాపం ఆమెకి చాలాకాలం తెలీలేదు.

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఆమె పని కాలర్లు కుట్టడం. అందుకే అందరికీ కాలర్లక్క. నిరుడు చలికాలంలో మిషను ముందు కూర్చుని ఉండగా నడుము కింద ఎక్కడో చురుక్కుమంది. ఆ చురుకు కుడి తొడ వెనకగా దిగి మడమ దాకా పాకింది. ఇక వదల్లేదు. కూర్చుంటే మంట, పడుకుంటే పోటు, నుంచుంటే ఆ రెండూ. పైకి మాత్రం వాపు లేదు, దెబ్బ లేదు, కనీసం ఒక మచ్చయినా లేదు. చూపించడానికి ఏమీ లేని నొప్పిని ఎవరు నమ్ముతారు?

డాక్టర్లని మార్చింది. ఒకరు రక్తం తీయించారు, ఒకరు ఎక్స్‌రే తీయించారు, ఇంకొకరు బలానికి మందు రాశారు. ఆఖరాయన కాళ్ళు ఎత్తించి, మునివేళ్ళ మీద నడిపించి, "భేషుగ్గా నడుస్తున్నారుగా! మనసులో ఏమైనా దిగులుందా?" అని అడిగాడు. ఒళ్ళు మండుకొచ్చినా నవ్వుతూ లేదండీ అంది. మర్యాద కదా!

భర్త బస్సు డ్రైవరు. చెడ్డవాడేం కాదు. ఆమె కాళ్ళు పట్టినవాడే, వంటింట్లో చెయ్యి కాల్చుకున్నవాడే. కానీ ఎవరి ఓపికకైనా ఒక హద్దుంటుంది. ఆయన ఆ హద్దు దగ్గరికి వచ్చేశాడని గిన్నెలు పెట్టే చప్పుడులోనే తెలిసిపోతోంది. నొప్పికన్నా ఆమెకి అదే ఎక్కువ భయం. ఈయన కూడా నమ్మడం మానేస్తే ఇక ఈ కాలూ తనూ మిగులుతారు, అంతే.

ఒకరోజు భోజనం దగ్గర ఆయన అననే అన్నాడు. "నీ నొప్పికి డాక్టరంటే హడలు. ఇంట్లో ఉన్నంతసేపూ నిన్ను చంపుకు తింటుంది. ఆస్పత్రి గుమ్మం కనబడగానే చల్లగా జారుకుంటుంది."

ఎగతాళికే అన్నాడు. ఆమె మాత్రం చేతిలో ముద్ద అలాగే పట్టుకుని ఉండిపోయింది. జారుకోక ఏం చేస్తుంది? డాక్టరు దగ్గరికి బయల్దేరే ప్రతిసారీ గట్టి మాత్ర ఒకటి వేసుకునే వెళ్తోంది తను! అది లేకపోతే బస్సులో కూర్చోలేదు, వరసలో నిలబడలేదు, అంతమందిలో ఏడ్చేస్తుంది. ముఖం కడుక్కున్నట్టే నొప్పినీ కడుక్కుని వెళ్ళి చూపిస్తోంది ఇన్నాళ్ళూ. ఆ మాటే చెబితే ఆయన, "ఎంత పని చేశావే!" అని నోరు తెరిచాడు. చాలా రోజుల తర్వాత ఇద్దరూ కలిసి నవ్వుకున్నారు.

"ఈసారి మాత్రా లేదు, పాడూ లేదు. నేనే తీసుకెళ్తా. అరవాలనిపిస్తే అరిచెయ్" అన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "కానీ ఈసారి కూడా ఏం లేదంటే మాత్రం ఇక నన్ను డాక్టర్ల చుట్టూ తిప్పకు" అన్నాడు.

ఆమె సరేనంది.

దారి పొడుగునా నరకం చూసింది. బస్సు గతుకులో పడ్డప్పుడల్లా ఆయన భుజం కొరికినంత పని చేసింది. ఆస్పత్రి వరండాలో బల్ల మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. జుట్టు రేగిపోయింది, ముక్కు కారుతోంది, ఎదుటివాళ్ళు చూపు తిప్పుకుంటున్నారు. సిగ్గుతో చచ్చిపోతూనే లోపల్లోపల సంతోషించింది కూడా. పోకు, ఇంకాసేపు ఉండు అని నొప్పిని బతిమాలుకుంది.

ఇంకొక్కరు వెళ్ళొస్తే తన వంతు. సరిగ్గా అప్పుడు పోయింది.

తగ్గడం కాదు, కరెంటు పోయినట్టు పోయింది. తొడలో మంట లేదు, నడుములో పోటు లేదు. ఆమెకి హాయిగా అనిపించలేదు.

"పోయిందండీ" అంది.

"ఏది?"

"నొప్పి. మొత్తం పోయింది."

ఆయన చూపులో నవ్వూ కోపమూ కలగలిసి ఉన్నాయి. "చూశావా? నేనన్నానా లేదా? ఇప్పుడు లోపలికెళ్ళి ఏం చెబుతాం? పద ఇంటికి."

"వచ్చాం కదా, ఒక్కసారి చూపించుకుని..."

"ఏం చూపిస్తావ్?"

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని లేచింది. నడుస్తుంటే కాలు కాస్త ఈడుస్తున్నట్టు అనిపించింది గానీ, ఇన్నాళ్ళూ కుంటిన అలవాటులే అనుకుంది. గేటు దాకా వచ్చారో లేదో వరండా ఊడ్చే ఆవిడ వెనకాలే పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, ఈ చెప్పు మీదేనా? బల్ల కిందే వదిలేశారు."

కిందికి చూసుకుంది. కుడికాలికి చెప్పు లేదు. కంకర మీద అంత దూరం అలాగే నడిచొచ్చింది. మడమ చీరుకుపోయి నెత్తురు కూడా వస్తోంది.

"ధ్యాస ఎక్కడ పెట్టావే తల్లీ!" అని విసుక్కుంటూనే ఆయన చెప్పు అందుకుని, గొంతుక్కూర్చుని కాలికి తొడిగాడు. వేళ్ళు చెప్పుని పట్టుకోలేదు. జారిపోయింది. మళ్ళీ తొడిగాడు. మళ్ళీ జారిపోయింది. ఆయన ముఖంలో విసుగు పోయి ఇంకేదో వచ్చింది.

ఆమె గేటు ఊచ పట్టుకుంది.

"బొటనవేలు నొక్కండి" అంది.

ఆయన తలెత్తలేదు.

"నొక్కండి, గట్టిగా."

"నొక్కుతూనే ఉన్నాను" అన్నాడు.