పచ్చబారిన ఫిరోజా

అమ్మ మెడలోంచి ఆ ఫిరోజా బిళ్ళ మా అక్క తీసుకునేటప్పటికి అమ్మ ఒళ్ళింకా చల్లబడలేదు. మంచం పట్టిన అమ్మకి అన్నీ చేసింది నేను. అక్క వచ్చింది, ఏడ్చింది, బిళ్ళ విప్పి సంచిలో వేసుకుంది. "పెద్దదాన్ని కదే," అంది. నా కడుపు అప్పట్నుంచీ మండుతూనే ఉంది.

అక్క అంతటితో ఊరుకున్నా పోయేది. ఫిరోజా రాయి నూనెనీ చెమటనీ పీల్చుకుంటుంది. వంట చేస్తూ జిడ్డు చేత్తో దాన్ని తడుముకోవడం అమ్మకి అలవాటు. అలా ఆ ఆకాశనీలపు రాయి ఏళ్ళతరబడి పచ్చబారింది. అక్కకి ఆ పచ్చదనం మురికిలా కనిపించింది. ఎవడిచేతో పైపొర అరగదీయించి, మళ్ళీ ఆకాశం రంగు తేలేలా మెరుగు పెట్టించుకుంది. రాళ్ళకి మెరుగు పెట్టడమే నా బతుకుతెరువు, అయినా నన్నడగలేదు. అడిగితే చెయ్యనని దానికి తెలుసు.

ఇప్పుడు తన కూతురి పెళ్ళి ముందు కొక్కెం ఊడిందని మాత్రం నా కొట్టుకే తెచ్చింది. అరిగిన మెరుగుచక్రం పక్కన బిళ్ళ పెట్టి, "నా కొత్త బట్టలకి ఎంత కలిసిందో చూడవే!" అని మురిసిపోయింది.

"వారం ఆగి రా అక్కా," అన్నాను, కడుపులో కత్తులు పెట్టుకుని.

అది గుమ్మం దిగగానే కొక్కెం అతికించి, బిళ్ళని వంటనూనె గిన్నెలో ముంచాను. రోజూ మూత తీసి చూశాను. ఆ నీలం చచ్చిపోతుంటే ఎంత హాయిగా ఉండేదో! పెళ్ళిలో నలుగురి ముందూ అక్క ముఖం మాడిపోవాలి. నాక్కావలసింది అంతే.

అక్క వచ్చింది. బిళ్ళ చేతిలో పెట్టాను. చూడగానే దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లోపల పండగ చేసుకున్నాను.

"అమ్మ రంగే ఇది," అంది. "అరగదీయించి ఎంత ఏడ్చానో నీకేం తెలుసు? నీ ముందు ఒప్పుకోలేక గొప్పలు పోయానే. నాకోసం మళ్ళీ ఆ రంగు తెప్పించావా?" నన్ను వాటేసుకుంది.

కాదు, నిన్ను ఏడిపించడానికే అనబోయి దాని వీపు నిమిరాను. అది కళ్ళు తుడుచుకుని బిళ్ళ మెడలో వేసుకుంది. అచ్చం అమ్మలాగే తడుముకుంటూ వీధి మలుపు తిరిగిపోయింది. నూనె గిన్నె నా బల్ల మీదే ఉంది.

మొదటిసారి అమ్మని అక్క పట్టుకుపోయింది. ఈసారి నేనే ముస్తాబు చేసి పంపాను.