కడిగే చేతులు

ఆఖరక్క గుమ్మంలోకి వస్తే మంచాన పడ్డ ముసలివాళ్లు కూడా దిగ్గున లేచి కూర్చుంటారని వీధిలో ఒక వేళాకోళం. ఆవిడ పని అలాంటిది మరి. ముస్లిం ఇళ్లలో ఆడమనిషి కన్నుమూస్తే ఒళ్లు కడిగి, తెల్లగుడ్డ చుట్టి సాగనంపుతుంది. ఇరవై ఆరేళ్లుగా అదే పని. అందరికంటే ఆఖర్న వచ్చే అక్క కాబట్టి ఆఖరక్క. ఆ పేరుకు ఆవిడ ఏనాడూ నొచ్చుకోలేదు. "మీ ఇంటికి రావడానికి నాకేం తొందర్లేదులే" అని తనూ నవ్వేసేది.

ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. కడిగేటప్పుడు ఒంటి మీద ఏం కనబడినా, వాతలు కానీ కురుపులు కానీ బతికుండగా ఎవరికీ చూపించుకోని మచ్చలు కానీ, కడిగినవాళ్లు నోరెత్తకూడదు. పోయిన మనిషి లేచి "చెప్పకే" అని బతిమాలుకోలేదు కదా, అందుకని అడక్కుండానే దాచాలి. ఆఖరక్క కడుపులో ఊళ్లో సగం ఇళ్ల గుట్టు ఉంది. ఒక్కటీ పెదవి దాటలేదు. అందుకే అందరూ ఆవిడనే పిలిచేవాళ్లు.

రెండు నెలల క్రితం ఆవిడ సొంత చెల్లెల్ని కడగాల్సి వచ్చింది.

చెల్లెలు పదేళ్లుగా కుర్చీల గురువుగారి శిష్యురాలు. ఆయన సూఫీ. రోజంతా ముందుగదిలో కూర్చుని చిరిగిన కుర్చీలకు కేను అల్లుతాడు. గురువారం మధ్యాహ్నం మాత్రం పని పక్కన పెట్టి, వచ్చినవాళ్లందరి చేత జికర్ చేయిస్తాడు. కళ్లు మూసుకుని అంతా ఒక్క గొంతుతో అల్లా పేరు తలుచుకుంటారు. అదయ్యాక ఆయన ప్రేమ గురించి చెబుతాడు. "కడిగేవాళ్ల చేతుల్లో శవం ఎలా ఉంటుందమ్మా? ఇటు తిప్పితే ఇటు, అటు తిప్పితే అటు. అల్లా చేతుల్లో మనం అలా ఉండాలి. అదే ప్రేమ. నొప్పి కూడా ఆయన పంపిందే. ప్రియుడు పంపినదాన్ని చూసి మూలుగుతామా?" అంటాడు. ఎవరి దగ్గరా పైసా ముట్టడు, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. మోసగాడైతే చెల్లెలు అంతలా నమ్మేదే కాదు.

ఆమెను చెయ్యి పట్టుకుని ఆయన దగ్గరికి మొదట తీసుకెళ్లింది ఆఖరక్కే. 

చెల్లెలి కడుపులో గడ్డ లేచింది. ఏడాదిపాటు గుట్టుగా దాచుకుంది. మంచం దిగలేని స్థితిలో డాక్టరు చూసి, ఇప్పుడా తీసుకొచ్చేది అని కేకలేశాడు. ఆ చివరి నెలలో కూడా ఆమె కిక్కురుమనలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

పోయిన రోజు ఆఖరక్క అందర్నీ బయటికి పంపి, తలుపేసుకుని, ఒక్కతే కడగడానికి కూర్చుంది. ఎడమచేతి మీది బట్ట కత్తిరించేసరికి ఆవిడ చేతిలో చెంబు జారిపోయింది. మణికట్టు నుంచి మోచేతి దాకా పళ్ల గాట్లు. పాతవి నల్లబడ్డాయి, కొత్తవి పచ్చిగా ఉన్నాయి, రెండుచోట్ల కండ లేచిపోయింది. నొప్పి వచ్చినప్పుడల్లా పిచ్చితల్లి చెయ్యి నోట్లో కుక్కుకుంది. మూడుసార్లు కడిగితే చాలు, ఆవిడ ఆ చేతిని ఏడుసార్లు కడిగింది. ఏడుపు మాత్రం రాలేదు. తెల్లగుడ్డ చుట్టి బయటికొచ్చాక, "ముఖం ఎంత ప్రశాంతంగా ఉందో" అని ఎవరో అంటే, అవునంది.

ఆ వచ్చిన గురువారం గురువుగారు కళ్లు తుడుచుకుంటూ, "పదేళ్లు నేను మాటల్లో చెప్పింది ఆవిడ చేసి చూపించింది. ఒక్క మూలుగు లేదు. ప్రేమంటే అదీ" అన్నాడు. ముందు వరసలో చెల్లెలి కూతురు రెప్ప వేయకుండా వింది. పద్దెనిమిదేళ్ల పిల్ల. తండ్రి లారీ ఎక్కితే పదిరోజులకు గానీ ఇల్లు చేరడు, అందుకని పెద్దమ్మ దగ్గరే ఉంటోంది. ఆఖరక్క గోడకు ఆనుకుని నోరు కట్టేసుకుంది. పోయినదాని గుట్టు దాచడమే మంచిదనుకుంది. ఆ పిల్ల వినే తీరు చూసైనా బుద్ధి తెచ్చుకోవాల్సింది.

రెండు నెలలు గడిచాయి. ఈ మంగళవారం నుంచి పిల్ల అన్నం ముట్టలేదు. గురువారం పొద్దున వంగి నడుస్తోంది. పైపెదవి మీద చెమట.

"ఎక్కడే నొప్పి?"

"ఏం లేదు పెద్దమ్మా."

ఆఖరక్క వినిపించుకోకుండా కడుపు మీద చెయ్యి వేసి చూసింది. ఒళ్లు కాలిపోతోంది. కుడిపక్కన పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. అక్కడ నొక్కితే పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ నోట్లోంచి చప్పుడు రాలేదు.

"ఆస్పత్రికి పోదాం పద. ఆటో పిలుస్తాను."

"నేను రాను. అమ్మ మూలిగిందా, నేను మూలగడానికి?"

ఆఖరక్క తిట్టింది, బతిమాలింది, కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. జికర్ వేళకి పిల్ల గోడ పట్టుకుని నడుస్తూ గురువుగారింటికి బయల్దేరింది. ఆయన మాట తప్ప ఇంకెవరి మాటా దాని చెవికెక్కదు. ఆ మొండితనం తల్లిదే. వెనకాలే నడుస్తూ ఆఖరక్క దారంతా లోపల్లోపల కొట్టుకుంది. చెబితే చెల్లెలు దాచుకున్నది బజారున పెట్టినట్టు. చెప్పకపోతే ఈ పిల్లను కూడా తన చేతులతోనే కడగాలి.

జికర్ అయింది. అల్లీ అల్లని కుర్చీల మధ్య అందరూ సర్దుకుని కూర్చున్నారు. గురువుగారు గొంతు సవరించుకునేలోగా ఆఖరక్క లేచి నిలబడింది. మనసులోనే చెల్లెల్ని క్షమించమని అడిగింది.

"గురువుగారూ, మా చెల్లెలు మూలగలేదని మీరన్నారు. మూలగకుండా ఉండడానికి చెయ్యి కొరుక్కుంది. మోచేతి దాకా. కడిగిందాన్ని నేను, చూసిందాన్ని నేను."

"కడిగినావిడ చెప్పొచ్చా అది?" అని వెనక ఎవరో గొణిగారు.

"అబద్ధం" అంది పిల్ల.

"అబద్ధమైతే నా చేతులు పడిపోనీ."

"నొప్పిగా ఉందా అమ్మా అని నేను ఆవిణ్ణి అడిగాను" అన్నాడు గురువుగారు. "లేదంది. నేను సంతోషించాను."

"మీరెప్పుడైనా శవాన్ని కడిగారా?"

"లేదు."

"నేను ఐదారొందల మందిని కడిగాను. శవానికి ప్రేమేం తెలుసు గురువుగారూ? నీళ్లు మరీ వేడిగా ఉన్నాయేమోనని నా చేతి మీద పోసుకుని చూసేది నేను. బిగుసుకుపోయిన వేళ్లు విరక్కుండా ఒక్కొక్కటే తెరిచేది నేను. పోయినదానికి కూడా నొప్పి పుడుతుందేమోనని భయపడతాయి ఈ చేతులు. అల్లా చేతులు వీటికంటే కరుకంటారా?"

గురువుగారు పాకుతున్నట్టుగా వచ్చి పిల్ల ఎదురుగా కూర్చున్నాడు.

"నేను తప్పు చెప్పాను తల్లీ. మీ అమ్మకి తప్పు చెప్పాను. నా మాట మీద గురి ఉంటే ఆస్పత్రికి వెళ్లు. ఎక్కడ నొప్పి ఉంటే అక్కడ ఉందని చెప్పు."

పిల్ల లేచింది. ఆయన వంక చూడలేదు, ఎవరి వంకా చూడలేదు. ఆఖరక్క చెప్పులు వేసుకుంటుంటే ఆడవాళ్లు చీరలు సర్దుకుని పక్కకు జరిగారు. ఇరవై ఆరేళ్లలో ఎవరూ అలా జరగలేదు. ఇక ఏ ఇంటి నుంచీ తనకు కబురు రాదని ఆవిడకు ఆ గుమ్మంలోనే అర్థమైపోయింది. తప్పు వాళ్లది కూడా కాదు.

ఆటోలో పిల్ల ఆ చివరికి ఒదిగి కూర్చుంది. "అమ్మ పరువు తీశావు. చచ్చేదాకా నిన్ను క్షమించను."

"క్షమించకులే. ముందు ఆస్పత్రికి చేరనీ."

ఆస్పత్రిలో పిల్లని తెర వెనక్కి తీసుకెళ్లారు. ఆఖరక్క బయట బెంచీ మీద కూర్చుంది. లోపల డాక్టరమ్మ గొంతు వినబడుతోంది. "ఇక్కడ నొప్పిగా ఉందా?" జవాబు లేదు. "ఇక్కడ?" జవాబు లేదు. ఒప్పుకుని వచ్చింది గానీ నోరు తెరవదేమో, తల్లి బిడ్డ కదా అనుకుంది ఆఖరక్క. "మరి ఇక్కడ?"

"అమ్మా" అని పిల్ల పెట్టిన కేకకు వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

డాక్టరమ్మ బయటికొచ్చింది. పేగు పగిలి ఉంటుందని, కోసి చూస్తేగానీ ఏమీ చెప్పలేనని అంది. ఆఖరక్క కాగితం మీద వేలిముద్ర వేసింది. పిల్లని స్ట్రెచర్ మీద తోసుకుపోతుంటే అది తల్లిని పిలుస్తూ, పెద్దమ్మను తిడుతూ, గొంతు చించుకుని ఏడుస్తోంది. రెండు నెలలుగా రాని ఏడుపు ఆఖరక్కకు అప్పుడు తన్నుకొచ్చింది.

"అరవవే తల్లీ" అంది ఆవిడ, మూసుకుపోతున్న తలుపు వైపు చూస్తూ. "ఇంకా గట్టిగా అరువు."